భూమి అదిరినప్పుడు: ఓరుగల్లు చుట్టుపక్కల తరచుగా అడిగే ప్రశ్నలు

2024 డిసెంబరు 4, బుధవారం, ఉదయం 7 గంటల 27 నిమిషాలు. హనుమకొండలో మా ఇంట్లో పిల్లల టిఫిన్ డబ్బాలు సర్దుతున్నాం. గిన్నెల స్టాండు గలగలలాడింది, ఫ్యాన్ ఆపి ఉన్నా ఊగింది, కుర్చీ పక్కకు జరిగినట్లు అనిపించింది. కొన్ని సెకన్లే. ములుగు జిల్లా మేడారం అడవుల కింద 5.3 తీవ్రతతో భూకంపం వచ్చిందని కాసేపటికి తెలిసింది.

నేను బడిలో భౌతికశాస్త్రం చెబుతాను. ఆ రోజు నుంచి పిల్లలు, వాళ్ల తల్లిదండ్రులు, మా వీధివాళ్లు అవే సందేహాలు అడుగుతూనే ఉన్నారు. ఎక్కడ చిన్న అదురు వచ్చినా మళ్లీ అవే ప్రశ్నలు. అందుకే వాళ్ల మాటల్లోనే రాసి పెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు.

## అదురుతున్నప్పుడు

మంచం ఊగింది, బీపీ వల్ల తల తిరిగిందేమో అనుకున్నా. అది భూకంపమేనని ఎట్లా తెలుస్తది?

చుట్టూ వేలాడే వస్తువులు చూడండి. ఆపి ఉన్న ఫ్యాన్, క్యాలెండరు, దేవుడి గదిలో గంట, బిందెలో నీళ్లు. మీకు తల తిరిగితే అవి కదలవు. భూమి కదిలితే అవన్నీ ఒకేసారి కదులుతాయి.

ఇంకో గుర్తు ఉంది. భూకంపం నుంచి రెండు రకాల అలలు వస్తాయి. ముందు వచ్చేది వేగంగా, సన్నగా ఉంటుంది, లారీ దూరంగా పోతున్నట్లు గుర్రుమంటుంది. తర్వాత వచ్చేది నెమ్మది, కానీ మనల్ని పక్కకు ఊపేది అదే. మేడారం వైపు ఆ రోజు భూకంప కేంద్రం వరంగల్‌కు గీత గీసినట్లు చూస్తే సుమారు 85 కిలోమీటర్లు. అంత దూరంలో రెండు అలల మధ్య దాదాపు పది సెకన్ల తేడా ఉంటుంది. మనలో చాలామంది మొదటిదాన్ని గుర్తుపట్టలేదు. కుక్కలు ముందే మొరిగాయని చెప్పినవాళ్లు ఉన్నారు. ఆ సన్నటి అదురు వాటికి మనకంటే ముందు తెలిసి ఉండొచ్చు.

వెంటనే బయటికి ఉరకాలా, ఇంట్లోనే ఉండాలా?

అందరూ మొదట అడిగే ప్రశ్న ఇదే. దీనికి జవాబు మీరు ఉన్న ఇంటిని బట్టి ఉంటుంది. ఒకే మాట అందరికీ చెప్పడం తప్పని నా అభిప్రాయం.

పిల్లర్లు, బీములు, స్లాబు ఉన్న ఇల్లయితే లోపలే ఉండండి. గట్టి బల్ల కిందికో, మంచం పక్కకో వంగి కూర్చొని తల, మెడ చేతులతో కప్పుకోండి. బల్ల కింద ఉంటే దాని కాలు గట్టిగా పట్టుకోండి, అది జరిగితే మీరూ దానితో జరగాలి. కిటికీ అద్దాలకు, బీరువాకు, టీవీకి దూరంగా ఉండండి. అదురు సాధారణంగా ముప్పై సెకన్లలోపే అయిపోతుంది. మూడో అంతస్తు నుంచి ఆ లోపల మీరు కిందికి దిగలేరు. దిగేది మెట్ల మీద, తోపులాటలో. ఆ రోజు మా వీధిలో దెబ్బ తగిలింది ఒక్క మనిషికే. ఆమె మీద ఏదీ పడలేదు, పరుగెత్తుతూ మెట్ల మీద జారింది. నెలరోజులు కాలికి కట్టుతో ఉంది.

మట్టి గోడలు, రాళ్లను మట్టితో పేర్చిన గోడలు, బరువైన పెంకుల కప్పు ఉన్న ఇల్లయితే సంగతి వేరు. మీరు గడపకు నాలుగడుగుల దూరంలో, నేల మీదే ఉంటే బయటికి వచ్చేయండి. వచ్చాక అరుగు మీద నిలబడకండి, పెంకులు జారేది అక్కడే. వాకిలి దాటి, కరెంటు తీగల కింద కాకుండా, ప్రహరీకి దూరంగా నిలబడండి. గడప కింద నిలబడితే క్షేమం అని పెద్దలు చెప్పేవారు. ఇప్పటి ఇళ్లలో ద్వారబంధానికి అంత బలం లేదు, తలుపు కొట్టుకొని వేళ్లు నలిగే ప్రమాదం కూడా ఉంది.

మేం నాలుగో అంతస్తులో ఉంటాం. మాకు బాగా ఊగింది, కింద వాచ్‌మన్‌కు తెలియనే లేదు. మా బిల్డింగులో లోపం ఉందా?

ఊగినంత మాత్రాన లోపం ఉన్నట్లు కాదు. జొన్నచేను గాలికి ఊగినప్పుడు మొదలు కదలదు, కంకి కదులుతుంది. ఎత్తు పెరిగే కొద్దీ ఊపు పెరుగుతుంది. పైగా దూరం నుంచి వచ్చిన భూకంపంలో వేగమైన చిన్న అదురు దారిలోనే చాలావరకు అణగిపోతుంది. నెమ్మదైన ఊపు మిగులుతుంది, అది ఎత్తయిన భవనాలకు ఎక్కువ తెలుస్తుంది. కింద నడుస్తూ, పని చేస్తూ ఉన్న మనిషికి చిన్న అదురు అసలు తెలియకపోవచ్చు.

స్టౌ మీద కూర ఉంది. ముందు స్టౌ ఆపాలా, నన్ను నేను కాపాడుకోవాలా?

నాబ్ చేతికి అందేంత దగ్గర ఉంటే ఒక్క తిప్పు తిప్పి పక్కకు జరగండి. దూరంగా ఉంటే స్టౌ కోసం పరుగెత్తకండి, మరిగే నూనె మీద పడటం భూకంపం కంటే పెద్ద ప్రమాదం. అదురు ఆగాక వచ్చి సిలిండర్ రెగ్యులేటర్ కట్టేయండి.

బండి మీద వెళ్తుంటే?

నడుస్తున్న బండి మీద చిన్న అదురు తెలియదు. తెలిసేంత పెద్దదైతే పక్కకు ఆపి దిగండి. ఫ్లైఓవరు కింద, హోర్డింగు కింద, ట్రాన్స్‌ఫార్మర్ పక్కన ఆపొద్దు.

## ఆగిన తర్వాత మొదటి గంట

ఎంతసేపు బయట నిలబడాలి? మా అపార్ట్‌మెంటులో మధ్యాహ్నం దాకా ఎవరూ లోపలికి పోలేదు.

వెనువెంటనే ఇంకో చిన్న అదురు వచ్చే అవకాశం ఉంటుంది కాబట్టి పది, పదిహేను నిమిషాలు ఆగడం మంచిదే. ఆ తర్వాత ఒకరిద్దరు పెద్దవాళ్లు ముందు వెళ్లి చూడాలి. కింద పార్కింగులో పిల్లర్లకు పగుళ్లు ఉన్నాయా, మెట్లు గోడ నుంచి విడిపోయాయా, పైన నీళ్ల ట్యాంకు పక్కకు ఒరిగిందా, గ్యాస్ వాసన వస్తుందా అని. ఇవేవీ లేకపోతే మెట్ల మీదుగా లోపలికి వెళ్లొచ్చు. లిఫ్టును మాత్రం మనుషులు లేకుండా ఒకసారి పైకి కిందికి నడిపి చూశాకే వాడండి.

గ్యాస్ వాసన వస్తే లైటు స్విచ్ వేయకండి, ఆర్పకండి కూడా. తలుపులు తెరిచి బయటికి వచ్చి 1906కు ఫోన్ చేయండి. అది వంటగ్యాస్ లీకుల కోసం ఉన్న అత్యవసర నంబరు. మనుషులకు దెబ్బలు తగిలితే 108, ఇంకే సాయం కావాలన్నా 112.

అది నిజంగా భూకంపమా కాదా, ఎక్కడ వచ్చింది అన్నది ఎక్కడ చూడాలి?

ఢిల్లీలో నేషనల్ సెంటర్ ఫర్ సీస్మాలజీ ఉంది, కేంద్ర భూవిజ్ఞాన మంత్రిత్వశాఖ కింద పనిచేస్తుంది. వాళ్ల వెబ్‌సైటులో, 'భూకంప్' అనే యాప్‌లో తీవ్రత, లోతు, చోటు, సమయం కొద్ది నిమిషాల్లో వస్తాయి. మన హైదరాబాద్ ఉప్పల్‌లో ఉన్న ఎన్‌జీఆర్‌ఐ, అంటే జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, కూడా నమోదు చేస్తుంది. మొదట చెప్పిన అంకె తర్వాత కొద్దిగా మారొచ్చు. వేర్వేరు సంస్థల అంకెల్లో కూడా కొంచెం తేడా ఉంటుంది, దాచిపెట్టి కాదు, వాళ్లు వాడే స్టేషన్లు, లెక్కకట్టే పద్ధతులు వేరు కాబట్టి.

"ఇంకో రెండు గంటల్లో దీనికంటే పెద్దది వస్తుంది, అందరూ బయటికి రండి" అని వాట్సాప్‌లో వచ్చింది. నమ్మాలా?

నమ్మకండి, పంపకండి. గంట, తేదీ, ఊరు చెప్పి భూకంపాన్ని ముందే చెప్పగల పద్ధతి ప్రపంచంలో ఏ సంస్థ దగ్గరా లేదు. 2025 ఏప్రిల్‌లో రామగుండం దగ్గర పెద్ద భూకంపం వస్తుందని, హైదరాబాద్, అమరావతి దాకా అదురుతుందని ఒక ప్రచారం ఫోన్ల నిండా తిరిగింది. అట్లాంటిదేమీ జరగలేదు. కానీ మంచిర్యాల, గోదావరిఖని వైపు మా బంధువులు ఆ రోజుల్లో రాత్రులు నిద్రపోలేదు. ముసలివాళ్లను చలిలో, ఎండలో బయట కూర్చోబెట్టే మెసేజ్ పంపడం చిన్న తప్పు కాదు.

## ఆ వారం రోజుల్లో

గోడకు పగులు వచ్చింది. ఇల్లు ఉంటదా, పోతదా?

ఎక్కువమందిని నిద్రపోనివ్వని ప్రశ్న ఇది, కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

ముందు పగులు ఎక్కడ ఉందో చూడండి. వెంట్రుకంత సన్నగా, రంగు మీద, ప్లాస్టరింగు మీద అల్లుకున్న గీతలైతే అవి చాలావరకు పాతవే. ఇంతకాలం మనం గోడలను అంత శ్రద్ధగా చూడలేదు, అంతే. పిల్లరుకు, ఇటుక గోడకు మధ్య నిలువుగా వచ్చిన సన్నటి గీత కూడా సాధారణమే, రెండు వేర్వేరు పదార్థాలు కలిసేచోటు అది.

కిటికీ మూల నుంచి, తలుపు మూల నుంచి ఏటవాలుగా వచ్చి, నాణెం అంచు దూరేంత వెడల్పు ఉంటే, గోడకు రెండోవైపు కూడా కనిపిస్తే ఇంజినీరును పిలిపించండి. రెండు గోడలు కలిసే మూలలో పైనుంచి కిందికి విడిపోయి ఉన్నా అంతే. పిల్లరు మీదో, బీము మీదో పగులు ఉంటే, కాంక్రీటు రాలి ఇనుము కనిపిస్తుంటే ఆ గదిలో పడుకోవద్దు, చూపించేదాకా ఆగండి.

అది పెరుగుతుందా లేదా తెలుసుకోవడానికి మేస్త్రీలు వాడే పద్ధతి ఒకటుంది. పగులుకు అడ్డంగా ప్లాస్టర్ ఆఫ్ పారిస్ సన్నటి పట్టీ వేసి, పక్కన పెన్సిలుతో తేదీ రాయండి. పట్టీ నెల తర్వాత కూడా పగలకుండా ఉంటే పగులు కదలడం లేదని అర్థం. వెంటనే సిమెంటు పూసి రంగు వేయించకండి. కనిపించకుండా చేస్తే తర్వాత ఇంజినీరుకు ఏమీ తెలియదు. ముందు ఫోటోలు తీసి పెట్టుకోండి.

మళ్లీ వస్తుందా? దీని తర్వాత ఇంకా పెద్దది వస్తుందంటున్నారు.

చిన్నవి రావచ్చు. పెద్ద అదురు తర్వాత నేల సర్దుకుంటూ చిన్న అదురులు రావడం మామూలే. వాటిలో అన్నిటికంటే పెద్దది సాధారణంగా అసలుదానికంటే ఒక అంకెకు పైగా తక్కువ ఉంటుంది. అంటే 5.3 తర్వాత 4 చుట్టుపక్కల. రోజులు గడిచే కొద్దీ అవి తగ్గిపోతాయి.

ముందుదానికంటే పెద్దది రావడం అసాధ్యం అని నేను చెప్పను, అది అబద్ధమవుతుంది. ప్రపంచమంతటి అనుభవం చూస్తే వంద భూకంపాల్లో దాదాపు ఐదింటి తర్వాతే, మొదటి కొద్ది రోజుల్లో, అంతకంటే పెద్దది వచ్చింది. మిగతా తొంభై ఐదు సార్లు అది అక్కడితో ఆగింది. మేడారం తర్వాత కూడా అంతకంటే పెద్దది రాలేదు.

అయిపోయి వారమైనా నాకు మంచం ఊగినట్లే ఉంటోంది. అత్తమ్మ రాత్రి లేచి కూర్చుంటోంది. పాప ఒంటరిగా బాత్రూముకు పోవడం లేదు.

మీ ముగ్గురికీ ఏమీ కాలేదు. కదలదు అనుకున్న నేల కదిలితే ఒంట్లో ఆ జాగ్రత్త కొన్ని రోజులు ఉంటుంది, లారీ పోయినా, వాషింగ్ మెషిన్ తిరిగినా గుండె ఉలిక్కిపడుతుంది. ఒక గ్లాసులో సగం దాకా నీళ్లు పోసి మంచం పక్కన బల్ల మీద పెట్టండి. ఊగినట్లు అనిపించినప్పుడు దాన్ని చూడండి. నీళ్లు కదలకపోతే నేల కదలలేదు. మా విద్యార్థుల్లో చాలామందికి ఇది పనిచేసింది.

పెద్దవాళ్లను "ఏం కాదులే" అని ఊరుకోబెట్టకండి. ఆమె చెప్పేది పూర్తిగా వినండి. భద్రాచలం వైపు పుట్టినవాళ్లయితే అక్కడ 1969లో వచ్చిన భూకంపం సంగతి ఆమెకు గుర్తుండొచ్చు, అడగండి. పిల్లలకు భయం తగ్గేది చేయడానికి ఒక పని ఉన్నప్పుడు. ఏ బల్ల కింద దూరాలో పాపనే ఎంచుకోమనండి. రెండు మూడు వారాలైనా నిద్ర, తిండి కుదరకపోతే డాక్టరుకు చూపించండి. ఇందులో నామోషీ లేదు.

మా బావిలో నీళ్లు మట్టిగా మారాయి. తాగొచ్చా?

నేల లోపలి పొరలు కదిలినప్పుడు బావుల్లో, బోర్లలో నీళ్లు మసకబారడం, మట్టం కొద్దిగా మారడం ఉంటుంది. తేటపడేదాకా తాగడానికి వాడకండి. తేటపడ్డాక కూడా కొన్నాళ్లు మరిగించి తాగండి.

ఇల్లు దెబ్బతింటే పరిహారం వస్తుందా?

ప్రభుత్వ విపత్తు సాయం నిబంధనల్లో భూకంపం ఉంది. పగుళ్లు, కూలిన గోడ తేదీ తెలిసేలా ఫోటోలు తీసి, తహసీల్దారు కార్యాలయంలో రాతపూర్వకంగా దరఖాస్తు ఇచ్చి, అందినట్లు ముద్ర వేయించుకోండి. వాళ్లు వచ్చి చూసేదాకా శిథిలాలు పూర్తిగా తీసేయకండి.

ఇంటికి బీమా ఉంటే పాలసీ కాగితం తీయండి. 2021 ఏప్రిల్ నుంచి అమ్ముతున్న 'భారత్ గృహ రక్ష' పాలసీలో భూకంపం కూడా కలిసే ఉంటుంది. హోమ్ లోన్ తీసుకున్నప్పుడు బ్యాంకు చేయించిన బీమా ఒకటి మీకు ఉండి, మీకే గుర్తులేకపోవచ్చు. లోన్ ఫైలు ఒకసారి చూసుకోండి.

## అసలు ఎందుకు వచ్చింది

మన దగ్గర భూకంపాలు రావు కదా? దక్కన్ పీఠభూమి గట్టిదని సోషల్ పుస్తకంలో చదువుకున్నాం.

గట్టిదే. కానీ గట్టి బండలో కూడా పాత నెర్రెలు ఉంటాయి. మన గోదావరి, ప్రాణహిత నదులు పారే లోయ అట్లాంటిదే. కోట్ల సంవత్సరాల కిందట ఇక్కడ భూమి రెండు అంచుల మధ్య కుంగింది. ఆ కుంగిన పల్లంలో చెట్లూ చేమలూ మట్టీ పేరుకొని బొగ్గయ్యాయి. బెల్లంపల్లి, గోదావరిఖని, భూపాలపల్లి, కొత్తగూడెం బొగ్గు మొత్తం ఆ పల్లంలోదే. అంటే సింగరేణికి బొగ్గు ఇచ్చిన నెర్రే మనకు అప్పుడప్పుడు ఈ అదురును కూడా ఇస్తోంది.

భారత భూఫలకం ఉత్తరాన ఆసియాను నెడుతూనే ఉంది. హిమాలయాల దగ్గర ఆ ఒత్తిడి ఎక్కువ, కానీ ఇక్కడి పాత నెర్రెల మీద కూడా కొంత పడుతుంది. చాలా నెమ్మదిగా కూడుకుంటుంది కాబట్టే మన దగ్గర భూకంపాలు తరాలకు ఒకసారి వస్తాయి. 1969 ఏప్రిల్ 13న భద్రాచలం దగ్గర వచ్చినదాని తీవ్రత 5.7. ఆ తర్వాత ఈ లోయలో అంత గట్టిగా అదిరింది 2024లోనే. మధ్యలో చిన్నవి వచ్చాయి, వస్తున్నాయి. 2025 మే 5 సాయంత్రం కరీంనగర్, జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ వైపు జనాన్ని బయటికి రప్పించినదాని తీవ్రత 3.8.

ఓపెన్ కాస్టు బ్లాస్టింగుల వల్ల, కాళేశ్వరం నీళ్ల వల్ల వచ్చిందంటున్నారు. నిజమేనా?

అడగదగిన ప్రశ్నే. రిజర్వాయరు నీటి బరువు భూకంపాన్ని రేపిన సందర్భం మన దేశంలోనే ఉంది. మహారాష్ట్రలో కొయ్నా డ్యాం దగ్గర 1967 డిసెంబరులో వచ్చిన భూకంపాన్ని ప్రపంచమంతా ఉదాహరణగా చెబుతుంది. అందుకని పెద్ద జలాశయాల దగ్గర నిఘా ఉండాల్సిందే, అది మనం అడగాల్సిందే.

మేడారం విషయానికొస్తే, ఆ భూకంపం పుట్టింది సుమారు 40 కిలోమీటర్ల లోతులో అని నేషనల్ సెంటర్ ఫర్ సీస్మాలజీ లెక్క. గనులు కొన్ని వందల మీటర్ల లోతు దాటవు. బ్లాస్టింగు అదురు చుట్టుపక్కల ఇళ్లకు తెలుస్తుంది, పగుళ్లు కూడా తెస్తుంది, ఆ కష్టం నిజం. కానీ అది ఆ రోజు భూకంపంలా విజయవాడ, నాగ్‌పూర్ దాకా పాకదు. ఇక కాళేశ్వరం ప్రాజెక్టులోని మేడిగడ్డ బ్యారేజీలో 2023 అక్టోబరులో పియర్లు (గేట్ల మధ్య స్తంభాలు) కుంగినప్పటి నుంచి నీళ్లు నిలపడం లేదు. భూకంపం నాటికి అక్కడ నదికి ఉన్న నీళ్లే తప్ప జలాశయం లేదు. కాబట్టి ఆ రెండింటినీ దీనికి కారణంగా చెప్పడం నాకు సరిగా అనిపించదు.

మూడు నెలల ముందు అదే మేడారం అడవిలో వేల చెట్లు కూలాయి. అది ముందస్తు సూచనే కదా?

2024 ఆగస్టు చివర తాడ్వాయి–మేడారం మధ్య అడవిలో యాభై వేలకు పైగా చెట్లు ఒక్కసారిగా నేలకొరిగాయి. ఆ ఫోటోలు చూసి నా కడుపులో దేవినట్లయింది. భూకంపం కూడా అక్కడే రావడంతో జనం రెండింటినీ కలిపారు. కలపాలనిపించడం సహజం. అయితే చెట్లు కూలింది భారీ వానలో, సుడిగాలికి. వాననీటికి మెత్తబడిన నేలలో వేళ్లు లోతుగా లేని చెట్లు పెళ్లగిలాయి. గాలి పైనుంచి పనిచేసింది, భూకంపం నలభై కిలోమీటర్ల కింద పుట్టింది. ఒకదానికి ఇంకొకటి సూచన అని చెప్పడానికి ఆధారం లేదు.

అమ్మవార్ల గద్దెల దగ్గర సీసీ కెమెరాలో కదిలిన దృశ్యం చూసి చాలామంది దండం పెట్టుకున్నారు. ఆ భక్తిని నేను తప్పుపట్టను. అమ్మలను తలుచుకోండి, ఇంటి పిల్లరు కూడా చూసుకోండి.

5.3 అంటే అసలు ఎంత? లాతూరులో వేలమంది పోయారు కదా, మనకు ఏమీ ఎందుకు కాలేదు?

జాతరలో డప్పు ఎంత గట్టిగా కొట్టారన్నది ఒకటి, మీ వాకిట్లో అది ఎంత వినిపించింది అన్నది ఇంకొకటి. తీవ్రత అంకె డప్పు దెబ్బను చెబుతుంది. మీ ఇంటి మీద ఎంత పడింది అన్నది దూరం, లోతు, నేల స్వభావాన్ని బట్టి మారుతుంది.

ఆ అంకె ఒకటి పెరిగితే విడుదలయ్యే శక్తి సుమారు 32 రెట్లు పెరుగుతుంది. 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున లాతూరు జిల్లా కిల్లారి దగ్గర వచ్చినది 6.2. అంటే మేడారం కంటే ఇరవై రెట్లకు పైగా శక్తి. అది కూడా పైపైనే, ఊళ్ల కిందనే పుట్టింది. అన్నిటికంటే ముఖ్యం, అక్కడి ఇళ్లు. రాళ్లను మట్టితో పేర్చిన లావు గోడలు, పైన బరువైన మట్టి మిద్దెలు. వినాయక నిమజ్జనం ముగించుకొని వచ్చి పడుకున్నవాళ్లు నిద్రలోనే ఆ రాళ్ల కింద పోయారు. దాదాపు పదివేలమంది. మేడారం భూకంపం లోతులో, అడవి కింద వచ్చింది. అది మన అదృష్టం, మన ఇళ్ల గొప్ప కాదు. లాతూరును కూడా అప్పటి మ్యాపులో ప్రమాదం అతి తక్కువ ఉన్న ప్రాంతంగానే చూపించారు.

జోన్ 2, జోన్ 3 అంటున్నారు. మా ఊరు ఎందులో ఉంది?

లాతూరు తర్వాత దేశ భూకంప ప్రమాద మ్యాపును సరిచేశారు. 2002లో వచ్చిన మ్యాపులో జోన్ 1ని తీసేసి 2, 3, 4, 5 ఉంచారు, అంకె పెరిగే కొద్దీ ప్రమాదం ఎక్కువ. అందులో తెలంగాణలో ఎక్కువ భాగం జోన్ 2, గోదావరి వెంట భద్రాచలం, కొత్తగూడెం వైపు జోన్ 3. ఇల్లు కట్టేవాళ్లు తమ ఊరి జోన్‌ను ఇంజినీరు చేత డ్రాయింగు మీదే రాయించుకోవాలి. నది ఒడ్డున, పూడ్చిన చెరువు మీద, నల్లరేగడిలో కడుతుంటే జోన్ ఏదైనా ఇంకొంచెం జాగ్రత్త కావాలి. మెత్తటి నేల అదురును పెంచుతుంది.

ఫోన్‌కు ముందే అలర్టు వస్తుందట కదా?

వస్తుంది, కానీ అది జోస్యం కాదు. ఆండ్రాయిడ్ ఫోన్లలో 2023 సెప్టెంబరు నుంచి మన దేశంలో ఈ ఏర్పాటు ఉంది. ఒకచోట చాలా ఫోన్లు ఒకేసారి అదురును పసిగడితే, దూరంగా ఉన్న ఫోన్లకు అల చేరేలోపు హెచ్చరిక పంపుతుంది. 4.5 లేదా అంతకంటే ఎక్కువ తీవ్రత ఉన్నవాటికే. దొరికేది కొన్ని సెకన్లు. స్టౌ ఆపి బల్ల కిందికి దూరడానికి సరిపోతాయి. సెట్టింగుల్లో భద్రత, అత్యవసరం అన్నచోట భూకంప హెచ్చరికలు ఆన్‌లో ఉన్నాయో లేదో చూసుకోండి.

## ఇల్లు, బడి

కొత్త ఇల్లు కడుతున్నాం. భూకంపం కోసం ఏం అడగాలి? ఖర్చు బాగా పెరుగుతుందా?

మామూలు ఇంటికి పెరిగేది కొంచెమే. కావలసింది శ్రద్ధ. స్లాబు రోజు కాదు, ఇనుము కట్టే రోజు మీరు అక్కడ ఉండండి.

పిల్లరు ఇనుముకు చుట్టే రింగులు చూడండి. రింగు కొన చివర పైపైన మడిచి వదిలేస్తే అదురులో అది విప్పుకుంటుంది. కొన లోపలికి, పిల్లరు మధ్యలోకి తిరిగేలా మలవాలి. పిల్లరూ బీమూ కలిసేచోట, పైనా కిందా, రింగుల మధ్య దూరం నాలుగు అంగుళాలకు మించకూడదు. మధ్యలో దూరంగా ఉండొచ్చు. మేస్త్రి "అంత అవసరం లేదు సార్, ఎన్ని ఇళ్లు కట్టలేదు" అంటాడు. మర్యాదగానే, కానీ గట్టిగా చెప్పండి. ఆ వంపుకు ఖర్చయ్యేది ఐదు నిమిషాల పని.

పిల్లర్లు లేకుండా ఇటుక గోడల మీదే కడుతుంటే పునాది మీద వేసే ప్లింత్ బీమ్, తలుపులు కిటికీల పైన వేసే లింటెల్ బీమ్ ఇల్లంతా చుట్టి రావాలి. తలుపుల మీద మాత్రమే ముక్కలు ముక్కలుగా వేస్తే అది గోడలను కలిపి పట్టుకోదు. గంపకు పైన కట్టిన బద్దలాంటిది లింటెల్. తెగితే గంప విచ్చుకుంటుంది.

కింద మొత్తం పార్కింగే ఉన్న అపార్ట్‌మెంటులో ఫ్లాటు కొంటున్నాం. ప్రమాదమా?

పైన ప్రతి అంతస్తులో ఇటుక గోడలు ఉంటాయి, కింద ఉత్త పిల్లర్లే. ఊపంతా ఆ పిల్లర్ల మీదే పడుతుంది. 2001లో భుజ్ భూకంపం వచ్చినప్పుడు అహ్మదాబాదులో ఇట్లాంటివి ఎన్నో కూలాయి, భుజ్ అక్కడికి రెండువందల కిలోమీటర్లకు పైగా దూరం అయినా. స్ట్రక్చరల్ ఇంజినీరు ఎవరు, పార్కింగు పిల్లర్లను ప్రత్యేకంగా డిజైన్ చేశారా అని అడగండి, డ్రాయింగు చూపించమనండి. కొన్నాక పార్కింగు చోటు కోసం పిల్లరు చెక్కడం, పైన ఫ్లాటులో గోడ తీసేయడం ఎవరు చేసినా అసోసియేషన్‌లో ఆపండి.

మాది తాతల నాటి పెంకుటిల్లు. కూలగొట్టాలా?

అక్కర్లేదు. జారిన పెంకులు సర్దించండి, చెదలు తిన్న వాసాలు, దూలాలు మార్పించండి. దూలం గోడ మీద ఊరికే ఆని ఉంటే దాన్ని గోడకు ఇనుప పట్టీతో బిగించండి. మూలల్లో విడిపోతున్న గోడలను కలిపి కట్టించండి. అటక మీద ఇత్తడి గుండిగలు, గంగాళాలు ఉంటే కిందికి దించండి. పాత ఇంట్లో తల మీద పడేది చాలాసార్లు కప్పు కంటే ముందు అవే.

రామప్ప గుడికి ఏమైనా అయిందా? అది భూకంపాలకు తట్టుకునేలా కట్టారంటారు.

గుడి నిలిచే ఉంది. పాలంపేటలో 1213 నాటి ఆ ఆలయం పునాదికి కాకతీయులు ఇసుకపెట్టె పద్ధతి వాడారు. గొయ్యి తవ్వి, ఇసుకను సున్నం, బెల్లం, కరక్కాయ లాంటివి కలిపి నింపి, దాని మీద రాళ్లు పేర్చారు. నేల కదిలితే ఆ ఇసుక కొంత అదురును మింగుతుంది. పైన శిఖరానికి నీళ్లలో తేలేంత తేలిక ఇటుకలు వాడారు. పైన బరువు తగ్గితే ఊపు తగ్గుతుంది, ఇప్పటి ఇంజినీర్లు చెప్పేది కూడా అదే. హనుమకొండ వేయి స్తంభాల గుడి పునాదిలో కూడా ఇసుకే. అయితే అదే ఇసుక తడిసి, కొట్టుకుపోతే రాళ్లు కుంగుతాయి. గుడి చుట్టూ నీళ్లు నిలవకుండా చూడటం భూకంపం నుంచి కాపాడటంలో భాగమే.

బడిలో పిల్లలకు దీన్ని భయపెట్టకుండా ఎట్లా నేర్పాలి?

మేం చేసేది చెబుతాను. నెలకోసారి, ముందు చెప్పకుండా, గంట వరుసగా కొడతాం. అంతే, పిల్లలు బెంచీల కిందికి దూరి తల కప్పుకొని బెంచీ కాలు పట్టుకుంటారు. ఇరవై దాకా గట్టిగా లెక్కపెడతారు. లెక్కపెట్టడం వల్ల అరుపులు ఉండవు, భయం కూడా నోటి నుంచి అంకెలుగా బయటికి పోతుంది. ఆ తర్వాత బ్యాగులు వదిలేసి, వరుసలో, తలుపు దగ్గరి వరుస ముందుగా, గ్రౌండు మధ్యలోకి నడుస్తారు. పరుగు లేదు. మెట్ల దగ్గర ఒక టీచరు, గేటు దగ్గర ఒక టీచరు. నడవలేని పిల్లవాడికి ఇద్దరు స్నేహితులను ముందే అప్పగిస్తాం. గ్రౌండులో హాజరు తీస్తాం.

మొదటిసారి మా ఐదో తరగతికి ఏడు నిమిషాలు పట్టింది, సగం మంది నవ్వుతూనే ఉన్నారు. ఇప్పుడు రెండున్నర నిమిషాలు. ఇంటికి వెళ్లి నాయనమ్మలకు కూడా బల్ల కింద దూరడం నేర్పిస్తున్నారు.